నాటుదానికేం రోగం?

కూచిపూడి సెంటర్లో టీకొట్టు దగ్గర కుక్కల మాట ఎత్తి చూడండి. పామర్రు బస్సు వచ్చేలోగా తీర్పు వచ్చేస్తుంది. "లాబ్రడార్ అయితే మందులూ ఇంజక్షన్లూ చూసుకోవాలండీ, సుకుమారం జాతి. మీది క్రాసు కదా, ఢోకా లేదు. ఇక నాటుదంటారా, దానికేం రోగం? ఇంత అన్నం పడేస్తే అదే బతుకుద్ది."

ఈ మాట అనేవాళ్లు కుక్కలంటే గిట్టనివాళ్లు కాదు. చాలామంది ఇళ్ల ముందు కుక్క ఉంది. గిట్టనివాడు రాయి విసురుతాడు, వాడితో తగువు వేరు. వీళ్లు మెచ్చుకుంటూనే కుక్కకు దక్కాల్సినదంతా ఎగ్గొడుతున్నారు. మొండిదన్న బిరుదొకటి తగిలించి టీకా ఎగ్గొట్టారు, నట్టల మందు ఎగ్గొట్టారు, నీడ ఎగ్గొట్టారు, ఆఖరికి కోడిగుడ్డు కూడా ఎగ్గొట్టారు. ఇది పల్లెటూరి మాటేలెమ్మని తీసెయ్యడానికీ లేదు. విజయవాడ అపార్టుమెంట్లలో చదువుకున్నవాళ్ల నోటా ఇదే మాట. కాకపోతే అక్కడ దాన్ని హైబ్రిడ్ విగర్ అంటారు, వినడానికి కాస్త గౌరవంగా ఉంటుంది.

అసలు ఈ క్రాసులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఒకప్పుడు డెల్టాలో కొత్త డాబా కట్టిన ప్రతివాడి గేటు వెనకా తెల్లటి పమేరియన్ మొరిగేది. తర్వాత అల్సేషన్ల రోజులు. 2003లో హచ్ ఫోన్ల ప్రకటన టీవీలో వచ్చాక పగ్ కోసం ఎగబడ్డారు. ఇప్పుడు లాబ్రడార్, ఇంకా డబ్బుంటే ఈ ఎండల్లో హస్కీ. మోజు తీరాక గేటు తీసి వదిలేసినవి కొన్ని, గోడ దూకి పోయినవి కొన్ని. వాటి మనవలూ మునిమనవలే ఇవాళ మొవ్వలో, చల్లపల్లిలో, ఘంటసాలలో ఒక చెవి నిలబెట్టి ఒక చెవి వాల్చి తిరుగుతున్న కుక్కలు. సిటీలో ప్యూర్ లాబ్ అని వేలు పోసి కొన్న పిల్ల కూడా ఏడాది తిరిగేసరికి తోక పైకి చుట్టి తన పుట్టుపూర్వోత్తరాలు తానే చెప్పేస్తుంది. కొన్నవాడు ఆ తోకను చూసి నాలుగు రోజులు దిగులుపడి, ఆ తర్వాత ఖర్చు తగ్గిందని ఊపిరి పీల్చుకుంటాడు. క్రాసేగా!

"వీధి కుక్కల్ని ఎవరు చూస్తున్నారండీ, బతకట్లా?" అన్నది వీళ్ల పెద్ద అస్త్రం. బతకట్లేదు. కోల్‌కతా దగ్గరి ఐసర్ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పశ్చిమ బెంగాల్లో వీధి కుక్కల ఈతల్ని ఏళ్ల తరబడి వెన్నంటి లెక్క కట్టి 2016లో ప్రచురించారు. పుట్టిన పిల్లల్లో, తిరిగి తాము పిల్లల్ని పెట్టే వయసుదాకా, అంటే సుమారు ఏడు నెలలదాకా, మిగిలినవి నూటికి 19. చచ్చిపోయినవాటిలో 63 శాతం చావుల వెనక ఏదో ఒక రూపంలో మనిషి చెయ్యి ఉంది. అక్కడ అలా పోతున్నవి మన కరకట్ట మీద మాత్రం నిక్షేపంగా పెరుగుతున్నాయని నమ్మాలంటే నాకు కారణం కావాలి. కార్తీకంలో కట్టిన కుక్క పుష్యమాసపు చలిలో గడ్డివామి కింద అయిదు పిల్లల్ని పెడుతుంది. ఉగాది నాటికి ఒకటి తిరుగుతుంటుంది. ఆ ఒక్కదాన్ని చూపించి ఎంత గట్టి పిండమో అంటున్నాం. పోయిన నాలుగూ అదే తల్లి పాలు తాగాయి, అదే రక్తం. పోయినవి కాబట్టి లెక్కలోకి రావు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వీధిలో మిగిలిన ఆ ఒక్కటి కనీసం ఒక వడపోత దాటి వచ్చింది. మనం నెలపిల్లగా ఇంటికి తెచ్చుకున్న క్రాసు అదీ దాటలేదు. అది ఆ ఒక్కటో, పోవాల్సిన నాలుగింటిలో ఒకటో ఎవరికి తెలుసు? దానికి వీధికుక్క గట్టిదనాన్ని అంటగట్టి, ఇంటికుక్కకు చెయ్యాల్సిన సేవ మానేస్తే రెండిందాలా చెడినట్టే.

ఇక ఆ హైబ్రిడ్ విగర్, అంటే సంకరానికి దక్కే గట్టిదనం సంగతి. అది ఒట్టి మాట కాదు, అందులో నిజం పాలుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్య ఆస్పత్రిలో 1995 నుంచి 2010 వరకు నమోదైన 27,254 కేసులను తిరగేసి, 24 వంశపారంపర్య జబ్బులను జాతి కుక్కల్లోనూ కలగలుపు కుక్కల్లోనూ పోల్చి 2013లో ఒక పరిశోధన వెలువరించారు. పది జబ్బులు జాతి కుక్కల్లో ఎక్కువ. పదమూడింటిలో ఏ తేడా లేదు. తుంటి కీలు వదులయ్యే జబ్బు కూడా ఆ తేడా లేనివాటిలోనే ఉంది. ఒకటి, మోకాలి లిగమెంటు తెగడం, కలగలుపు కుక్కల్లోనే ఎక్కువ. సగానికి తక్కువే దక్కిన ఈ లాభాన్ని పట్టుకుని మనవాళ్లు అన్ని రోగాలకూ విస్తరించేశారు. పైగా అవన్నీ పుట్టుకతో వచ్చే జబ్బుల లెక్కలు. అంటురోగాల దారి వేరు. పార్వో వచ్చేముందు తాతముత్తాతల పేర్లు అడగదు. డిస్టెంపర్ అడగదు. రేబిస్ అసలే అడగదు.

సంకరం సంగతి మన డెల్టా రైతుకు ఒకరు చెప్పాలా? సాంబ మసూరి అని రోజూ మనం తినే బీపీటీ 5204, బాపట్ల నుంచి 1986లో వచ్చిన రకం, పక్కా సంకరం. జీఈబీ 24, టీఎన్ 1, మషూరి కలిస్తే పుట్టింది. దాన్ని ఊడ్చిన రైతు "సంకరం కదా, దానికేం తెగులు" అని గట్టు మీద కూర్చోవడం ఎవరైనా చూశారా? అగ్గితెగులు మచ్చ ఒక్కటి కనిపిస్తే పరుగెత్తుతాడు. పాకలో జెర్సీ క్రాసు ఆవుకు నాటు ఆవు కంటే దాణా ఎక్కువ వేస్తాడు, గాలికుంటు టీకా తేదీ గుర్తు పెట్టుకుంటాడు. సంకరమైతే ఇంకాస్త ఎక్కువ చూసుకోవాలని చేలోనూ పాకలోనూ తెలిసిన మనిషికి, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతుంది? ఎటూ పోదు. ఆవు పాలిస్తుంది, వరి గింజలిస్తుంది, కుక్క ఖర్చు తెస్తుంది. ఆ ముక్క పైకి చెప్పలేక మొండిదంటున్నాం.

రేబిస్ దగ్గర ఈ వాదన తలకిందులవుతుంది. మన దేశంలో ఏటా 18 వేల నుంచి 20 వేల మంది రేబిస్‌తో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రపంచం మొత్తం మీద ఈ చావుల్లో 36 శాతం మనవే. లక్షణాలు కనిపించాక బతికించే మందు లేదు. సరే, ఇప్పుడు రెండు కుక్కల్ని చూడండి. లాబ్రడార్ హాల్లో ఫ్యాను కింద పడుకుంటుంది, మూత్రానికి కూడా తాడు కట్టి తీసుకెళతారు. క్రాసు రాత్రి పదింటికి గేటు కింద నుంచి దూరి, చెరువు గట్టు దాకా వెళ్లి నాలుగు వీధి కుక్కలతో కలియబడి, తెల్లారి చెవి చీల్చుకుని వచ్చి పిల్లల పక్కన పడుకుంటుంది. టీకా ముందు ఎవరికి పడాలి? మనం వేయిస్తున్నది ఎవరికి? మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత ఏటా ఒకటి. జులై 6న జూనోసిస్ దినం పేరుతో పశుసంవర్ధక శాఖ ఉచితంగానే వేస్తుంది. ఆ రోజు పశువుల ఆస్పత్రి ముందు వరసలో మెడపట్టీలున్న జాతి కుక్కలే ఎక్కువ కనిపిస్తే, ఆ తప్పు ఆస్పత్రిది కాదు.

ఇంకా ఘోరం, కరిచింది మన కుక్కే కదా అని ఊరుకోవడం. కుక్కకాటుకు చెప్పుదెబ్బ సామెతలో బాగుంటుంది. కాటుకు కావాల్సింది సబ్బు, పావుగంట సేపు ధారగా నీళ్లు, ఆపైన ప్రభుత్వాస్పత్రి. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకూడదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం తాతల కాలానిది. ఇప్పుడు భుజానికి, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. రక్తం వచ్చేలా కరిస్తే దానితోపాటు సీరం కూడా.

మన డెల్టాకు మాత్రమే చెప్పుకోవాల్సిన రోగం ఒకటుంది, ఎలుక జ్వరం. డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. నీళ్లు నిలిచిన చేలు, గట్లకు ఎలుక బొరియలు, ఆ నీళ్లలో ఎలుక మూత్రం. మన క్రాసు నాట్ల వేళ ఆ బోదెల్లోనే ఈదుతుంది, అక్కడే తాగుతుంది. దాని కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అది పోసే మూత్రంలోంచి ఇంటివాళ్లకూ రావచ్చు. దీనికీ టీకా ఉంది, ఏడాదికోసారి. ఇంట్లో కదలని కుక్కకు దీని అవసరం తక్కువ, పొలం తిరిగే నాటుదానికి ఎక్కువ. ఎలుకల మందు పెట్టినప్పుడూ అంతే. మందు తిని పడిన ఎలుకను ముందు చేరేది ఈ మొండిదే.

పిడుదుల దగ్గర కాస్త ఆగుతాను. మొండితనం గురించి మాట్లాడేవాళ్లు తమ కుక్క చెవిని ఒకసారి వెనక్కి మడిచి చూడాలి. లోపలి మడతలో, వెంట్రుకలు పలచబడిన చోట, సెనగగింజంత బూడిద రంగు కాయ అంటుకుని ఉంటుంది. అది రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు. దాని పక్కనే నువ్వుగింజంత గోధుమ రంగుది తిరుగుతుంటుంది. అది మగది. కాలివేళ్ల సందులు విడదీయండి, మెడపట్టీ ఎత్తండి, తోక మొదలు చూడండి. ఆ ఉబ్బిన ఆడది కుక్క మీద గుడ్లు పెట్టదు. రాలి, పాకుకుంటూ పోయి, గోడ పగులులోనో గడప సందులోనో వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు రాసి గోడను వదిలేస్తే మూడు వారాల్లో మళ్లీ మొదటికి. ఈ పిడుదు నుంచే ఎర్లీషియా అనే జ్వరం వస్తుంది. కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒకనాడు ముక్కు వెంట రక్తం కారుతుంది. ఇంట్లో దిష్టి తగిలిందంటారు. రక్తపరీక్ష చేయించి నెల రోజులు క్రమం తప్పకుండా మాత్రలు వేస్తే చాలావరకు కోలుకునే జబ్బు ఇది. రెండో వారంలో తోక ఊపిందని మాత్రలు ఆపేస్తే తిరగబెడుతుంది.

మాత్రలు వేసేవాళ్లు కొందరే. మిగతావాళ్లు చేసేది రాయాలంటే చెయ్యి రాదు. పిడుదులు పట్టాయని చేనికి కొట్టగా మిగిలిన పురుగుమందు నీళ్లలో కలిపి కుక్క మీద కుమ్మరిస్తారు. కుక్క తనను తాను నాక్కుంటుంది, చొంగ కారుస్తుంది, వణుకుతుంది, కొట్టుకుంటుంది. గజ్జి పట్టిందని మెకానిక్ షెడ్డు నుంచి కాలిన ఇంజనాయిలు తెచ్చి ఒళ్లంతా పులుముతారు. చర్మం కాలుతుంది, నాకిన నూనె లోపలికి పోయి కాలేయాన్ని, మూత్రపిండాలను చెడగొడుతుంది. గజ్జికి పశువైద్యుడి దగ్గర చవకైన మందే ఉంది, బరువు చూసి ఇస్తాడు. ఇదే మనిషి తన లాబ్రడార్‌కు ఇంజనాయిలు పూస్తాడా? పూయడు. "దానికి పడదండీ" అంటాడు. నాటుదానికి పడుతుందని ఎవరు చెప్పారు?

తిండి సంగతికి వద్దాం. అన్నం తప్పు కాదు. మనిషితో వేల ఏళ్లు బతికిన కుక్క పిండి పదార్థాన్ని అరిగించుకోవడం నేర్చింది, ఈ విషయంలో తోడేలుకూ దానికీ జన్యువుల్లోనే తేడా ఉంది. కానీ బియ్యంలో మాంసకృత్తులు వందకు ఏడెనిమిది పాళ్లే. ఎదిగిన కుక్కకు ఎండు తిండి లెక్కన కనీసం 18 పాళ్లు కావాలి, పిల్లకు ఇంకా ఎక్కువ. ఎంగిలన్నం తిని బతికే కుక్క బతుకుతుంది, ఎముకలు తేలి. గుడ్డు ఒకటి, పప్పుకట్టు, కాస్త పెరుగు, కోడి మాంసం ఉడకబెట్టిన నీళ్లు, ముల్లు తీసిన చేప. ఇవేవీ మన ఇళ్లలో లేనివి కావు. లేనిది వేరుగా తీసిపెట్టే ఓపిక. ఆవకాయ కలిపిన ముద్ద, ఉల్లిపాయ తేలే పులుసు, వెల్లుల్లి రసం విస్తట్లో మిగిలితే తెచ్చి పడేస్తాం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను విరిచేస్తాయి, నాటుదైనా సరే. ఉడికిన కోడి ఎముక పుల్లలా చీలి పేగులో గుచ్చుకుంటుంది. కాగితంలో చుట్టి ఇచ్చే చికెన్ కొట్టు చెత్త విందు కాదు.

ఎండ గురించి జాతి కుక్కల వాళ్లకే భయం ఎక్కువ, అది న్యాయమే. కానీ క్రాసుకు వడదెబ్బ తగలదనుకోవడం ఏమిటి? కుక్కకు చెమట పట్టే చోటు అరికాళ్లే. మిగతా వేడంతా వగర్చే బయటికి పంపాలి. మన కోస్తా ఉక్కపోతలో వగర్పు సరిగా పనిచెయ్యదు. రోహిణి కార్తెలో, కాలువలు కట్టేసి గుంటల్లో మిగిలిన నీళ్లు కూడా కాగుతున్న వేళ, డాబా మెట్ల కింద మూరెడు గొలుసుతో కట్టేసిన నాటు కుక్కను ఊరూరా చూడొచ్చు. నీడ పొద్దున అక్కడే ఉంటుంది, పదకొండింటికి జరిగిపోతుంది, గొలుసు జరగదు. మామూలుగా 101, 102 డిగ్రీలుండే ఒళ్లు 106 దాటితే మెదడు, మూత్రపిండాలు వరసగా దెబ్బతింటాయి. మడి ఉన్న ఇళ్లవాళ్లు కుక్కను గడప దాటనివ్వకపోతే నాకు పేచీ లేదు, వాళ్ల ఆచారం వాళ్లది. గడప ఇవతల చూరు కింద రోజంతా నీడ ఉండే చోటు, మట్టి తొట్టెలో నీళ్లు ఏ మడికి అడ్డం?

గొలుసు మాట వచ్చింది కాబట్టి చట్టం కూడా చెప్పాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షన్లో, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం, తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరాలుగానే రాశారు. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు! ఆ యాభై రూపాయల చట్టాన్ని నమ్ముకుని ఎవరూ మారరని నాకూ తెలుసు. మనవాళ్లకు చట్టం కంటే పురాణం మీద గురి. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. ఏ తప్పూ చెయ్యని కుక్కపిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొడితే, తల్లి నేరుగా రాజు ముందుకే వచ్చి నిలదీసింది. ఆ పిల్ల ఏ జాతిదో అక్కడెవరూ అడగలేదు.

"చెప్పడం తేలికేనండీ, ఖర్చు?" అంటారు. న్యాయమైన ప్రశ్న ఇదొక్కటే. రేబిస్ టీకా బయట వేయించినా ఇద్దరు తినే బిర్యానీ ధర దాటదు. మూడు నెలలకోసారి నట్టల మందు అందులో సగం కూడా కాదు. ఖరీదయ్యేది వేయించకపోవడం. పార్వో పట్టి రక్తం విరేచనమయ్యే పిల్లకు నాలుగైదు రోజులు సెలైను ఎక్కించాలంటే వేలు. ఆరేడు వారాల నుంచి నాలుగో నెల దాకా మూడు నాలుగు వారాలకో డోసు చొప్పున వేసే టీకాలు ఆ బిల్లులో చిన్న ముక్క. దూరం మాత్రం నిజమైన కష్టం. ఊళ్లో పశువుల ఆస్పత్రి గేదెల కోసం పుట్టింది, కుక్కకు కావాల్సినవన్నీ అక్కడ దొరకవు. పెద్ద జబ్బయితే 1998లో గన్నవరంలో పెట్టిన ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకో, బెజవాడకో పోవాలి. ఆటోవాడు కుక్కను ఎక్కించుకోనంటాడు, బస్సు సంగతి సరేసరి. దీని మీద పోట్లాడితే నేనూ వచ్చి పక్కన నిలబడతాను. మండలానికి నెలకో రోజు కుక్కలకూ పిల్లులకూ కేటాయించి టీకాలు వేయమని, రక్తపరీక్షకు నమూనాలు తీసుకోమని అడగవచ్చు. అడగాలంటే ముందు మన కుక్కకు రోగం వస్తుందని ఒప్పుకోవాలి కదా.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కల మీద ఉత్తర్వులిచ్చినప్పటి నుంచి మన వైపూ వేడి పెరిగింది. "అంత ప్రేముంటే ఇంటికి తీసుకుపోండి" అన్నది అందరి నోటా వినిపించిన మాట. ఆ నెల 22న సవరించిన ఉత్తర్వులో కోర్టు కూడా దత్తతకు దారి చూపింది, తీసుకున్న కుక్క మళ్లీ వీధికి రాకూడదన్న షరతుతో. మంచిదే. కానీ నాటుదానికేం రోగం అనుకునే ఇంటికి తీసుకుపోతే జరిగేదేమిటి? వీధిలో గొలుసు లేకుండా ఆకలితో ఉండేది, ఇంట్లో గొలుసుతో ఆకలిగా ఉంటుంది. టీకా అక్కడా లేదు, ఇక్కడా లేదు.

పైగా ఆడదయితే ఇంటికే రానివ్వరు. ఈతలో మగపిల్లల్ని ఎంచుకుని, ఆడవాటిని గోతంలో వేసి కాలువ గట్టున వదిలేయడం ఈ డెల్టాలో ఎంత మామూలో అందరికీ తెలుసు. అదే గట్టు మీద రెండేళ్లకు కుక్కలు పెరిగిపోయాయని పంచాయతీకి అర్జీ పెడతాం. మగదాన్ని పెంచినవాడు తనకు సంబంధం లేదనుకుంటాడు, కార్తీకంలో అది ఎక్కడ తిరిగి వచ్చిందో అడగడు. ఆడ కుక్కకు పిల్లల సంచి తీయించే ఆపరేషన్ చేయిస్తే ఈతలు ఆగడమే కాదు, వయసు మళ్లాక గర్భసంచిలో చీము పట్టి చచ్చే ప్రమాదం తప్పుతుంది. మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము గడ్డల బెడద కూడా బాగా తగ్గుతుంది. "నాటుదానికి ఆపరేషనేంటండీ, నవ్విపోతారు" అంటారు. కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు చదవండి. పెంపుడు జంతువుకు నట్టల మందు, టీకాలు, ఈ ఆపరేషన్ చేయించే బాధ్యత యజమానిదేనని రాసి ఉంది. లాబ్రడార్‌కు ఒక పద్దు, క్రాసుకు ఒక పద్దు అని అందులో ఎక్కడా లేదు.